అమ్మకు ఫోన్ ఏ గడియారం ప్రకారం? నాదా, అమ్మదా?

కిందటి నవంబరు మొదటి ఆదివారం డాలస్‌లో గడియారం గంట వెనక్కి జరిగింది. మర్నాడు ఎప్పట్లాగే ఉదయం ఎనిమిదిన్నరకు అమ్మకు వీడియో కాల్ చేశాను. తెనాలిలో అప్పటికి రాత్రి ఎనిమిది. అమ్మ ఏడింటి నుంచీ ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి ఎదురుగా కూర్చుందట. నాతో మాట్లాడాకే తినడం అలవాటు కాబట్టి షుగర్ మాత్ర వేసుకోలేదు, అన్నం పెట్టుకోలేదు. "నువ్వే ఏదో పనిలో ఉన్నావేమో, చేస్తే ఇబ్బందని ఊరుకున్నా" అంది. ఆ మాట రోజంతా నా మనసులోంచి పోలేదు.

మా ఇద్దరి మధ్య తేడా ఎండాకాలం పదిన్నర గంటలు, చలికాలం పదకొండున్నర. అమెరికాలో మార్చిలో గడియారం గంట ముందుకు, నవంబరులో గంట వెనక్కి తిప్పుతారు. మన దేశంలో ఆ పద్ధతి లేదు కాబట్టి మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి ఎవరో ఒకరు సర్దుకోవాల్సిందే.

నా గడియారం ప్రకారం ఎనిమిదిన్నరే ఉంచితే నాకు హాయి. బాబు స్కూల్ బస్సు ఎక్కేసి ఉంటాడు, కాఫీ తాగుతూ మాట్లాడొచ్చు. కానీ చలికాలం వచ్చేసరికి అమ్మ మాత్ర, భోజనం, నిద్ర అన్నీ గంట ఆలస్యమవుతాయి. డెబ్భై దాటిన మనిషికి అది చిన్న విషయం కాదు.

అమ్మ గడియారం ప్రకారం రాత్రి ఏడే ఉంచితే చలికాలం నాకు ఉదయం ఏడున్నర అవుతుంది. సరిగ్గా లంచ్ బాక్స్ సర్దే టైము. హడావుడే, కాదనను. అయినా ఫోన్ గట్టు మీద నిలబెట్టి పని చేసుకుంటూనే మాట్లాడుతున్నాను. మనవడు షూ లేసులు కట్టుకోవడం చూడటం అమ్మకు కబుర్ల కంటే ఇష్టమని అప్పుడే తెలిసింది.

అక్క లండన్‌లో ఉంటుంది. అక్కడ గడియారం మారేది మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో. నా టైము పట్టుకుంటే, అమెరికాలో మార్పుకూ లండన్‌లో మార్పుకూ మధ్యలో వచ్చే వారాల్లో ముగ్గురికీ లెక్క తప్పుతుంది. అమ్మ ఏడు గంటలు పట్టుకుంటే అక్కకు చలికాలం మధ్యాహ్నం ఒకటిన్నర, ఎండాకాలం రెండున్నర. అంతే.

ఆఫీసు సంగతి వేరు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి మా వైపు ఉదయం తొమ్మిది గంటల మీటింగ్ ఎండాకాలం రాత్రి ఏడున్నరకు, చలికాలం ఎనిమిదిన్నరకు పడుతుంది. క్లయింట్ టైము కదా, వాడే సర్దుకోవాలి. ఇంటికి ఆ లెక్క తేకూడదని నా గట్టి అభిప్రాయం.

ఈ తిప్పుడు ఆపేద్దామని అమెరికా సెనేట్ 2022లో బిల్లు పాస్ చేసింది గానీ అది చట్టం కాలేదు. దాని కోసం ఎదురుచూడకుండా ఫోన్ క్యాలెండర్‌లో అమ్మ కాల్‌కు టైమ్ జోన్ కోల్‌కతా (ఫోన్‌లో మన దేశపు టైముకు ఉండే పేరు) అని పెట్టేశాను. మార్చి రెండో ఆదివారం వచ్చినా, నవంబరు వచ్చినా, తెనాలిలో ఏడు కొట్టేసరికి నా ఫోన్ మోగుతుంది.