280జెడ్‌లో ఎల్ఎస్1 వేసి నాలుగైదు ఎండాకాలాలు తిప్పాక

బండి 1977 డాట్సన్ 280జెడ్, జపాన్ స్పోర్ట్స్ కారు, ఉండేది డాలస్‌లో. లోపల 2002 షెవర్లే కమారోలోంచి తీసిన 5.7 లీటర్ల ఎల్ఎస్1 వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), దాంతోపాటే వచ్చిన టీ56 ఆరు గేర్ల మాన్యువల్ బాక్స్, నాలుగు పక్కలా కాయిలోవర్లు (స్ప్రింగు, షాకర్ కలిపి ఉండే సెట్లు), సస్పెన్షన్ కీళ్ళలో ఉండే బుష్‌లన్నీ కొత్తవి, ముందు టొయోటా పికప్ నాలుగు పిస్టన్ల బ్రేక్ కాలిపర్లు, వెనక డ్రమ్ములు పీకేసి డిస్కులు. గ్యారేజీలో కవర్ కప్పి పెట్టుకునే టైపు కాదు, వీకెండ్ అయితే గ్రోసరీకి కూడా ఇదే, అప్పుడప్పుడు ఆస్టిన్ దాకా కూడా వెళ్ళొస్తుంటాం.

ముందే చెప్పేస్తా, చివరిదాకా చదివే ఓపిక లేనోళ్ళ కోసం. మీ దగ్గర రెండిట్లో ఒకదానికే డబ్బులుంటే ఇంజిన్ జోలికి వెళ్ళకండి, సస్పెన్షన్, బ్రేకులు చేయించుకోండి. మా వాళ్ళు అందరూ వీ8 గురించే అడుగుతారు, ఎన్ని హార్స్‌పవర్, ఎంత స్పీడు అని, కానీ ఇన్నేళ్ళలో నాకు ఎక్కువ సుఖం ఇచ్చింది కింద చేయించిన పనే.

దీనికంటే ముందు మోడల్ 240జెడ్ ఎందుకు కొనలేదు అని చాలామంది అడిగారు. అవి 1969లో మొదలైనవి, ఇప్పుడు వాటి రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి, పైగా బాగున్న 240ని కోస్తే పాత జెడ్ అభిమానులు ఇంటికొచ్చి కొట్టేలా ఉంటారు. 280 అలా కాదు, పెద్ద బంపర్లు, కాస్త బరువెక్కువ అని పట్టించుకోరు కాబట్టి చవగ్గా దొరుకుతుంది, ఇంజిన్ మార్చాలనుకునేవాడికి నిజానికి ఇదే మంచి బేస్. ఆర్200 డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి పవర్ పంచే గేర్ల పెట్టె) ఫ్యాక్టరీ నుంచే వస్తుంది, బాడీ కింద ఫ్రేమ్ రైల్స్ (బండిని మోసే ఇనప పట్టీలు) 240 కంటే గట్టివి, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి కాబట్టి ట్యాంకుకి రిటర్న్ లైన్ (మిగిలిన పెట్రోల్ వెనక్కొచ్చే గొట్టం) కూడా ఉంటుంది. తుప్పు మాత్రం చూసుకోండి బాబూ, ఫ్లోర్ కింద ఫ్రేమ్ రైల్స్, బ్యాటరీ ట్రే కింద, వెనక హాచ్ (పైకి లేచే డిక్కీ తలుపు) అంచులు. పెయింట్ మెరుస్తోందని మోసపోవద్దు, స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళి పొడిచి చూడండి.

ఇంజిన్ సంగతి. ఎల్ఎస్1 బ్లాక్ అల్యూమినియం, అందుకే వీ8 అయినా ఇనప బ్లాకున్న పాత ఆరు సిలిండర్ల ఎల్28 ఇంజిన్ బరువుకి దగ్గర్లోనే ఉంటుంది, పొడవు కూడా తక్కువ కాబట్టి బాగా వెనక్కి, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దగ్గరికి జరిపి కూర్చోబెట్టొచ్చు. ముక్కు బరువెక్కి తిరగదేమో అని భయపడ్డాను గానీ అలాంటిదేం లేదు. కమారో జెడ్28 మోడల్లో దీని రేటింగ్ 310 హార్స్‌పవర్, పాతది ఫ్యాక్టరీ లెక్కల్లోనే 150-170 మధ్య, కాబట్టి స్పీడ్ గురించి ప్రత్యేకంగా చెప్పేదేముంది, రెండో గేర్లో కాలు పెడితే వెనక టైర్లు ఎటు పోతాయో వాటిష్టం. నాకు నచ్చింది అది కాదు, ఆరో గేరు. పాత నాలుగు గేర్ల బాక్సుతో గంటకి 70 మైళ్ళలో ఇంజిన్ 3,400 ఆర్‌పీఎం దగ్గర అరుస్తూ ఉండేది, పక్క మనిషితో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి, ఇప్పుడు అదే స్పీడులో 1,700 దాటదు, 3.54 రేషియో డిఫరెన్షియల్ కూడా మార్చలేదు. హైవేలో మెల్లగా పోతే గ్యాలన్‌కి పాతదానికంటే ఎక్కువే ఇస్తోంది. ఒక్కటే లోటు, ఆ ఆరు సిలిండర్ల సన్నటి అరుపు పోయింది, ఇప్పుడు స్టార్ట్ చేస్తే వీధిలో ఉన్న ప్రతి పికప్ ట్రక్కులాగే ఉంటుంది సౌండు. దీనికి మాత్రం మందు లేదు.

వైరింగ్, పెట్రోల్ పని చిన్నదే గానీ చికాకు. పాత ఇంజెక్షన్‌కి నడిచే ప్రెషర్ దీనికి చాలదు, 58 పీఎస్ఐ కావాలి, కొత్త పంపు వేసి 1999 తర్వాతి కొర్వెట్ ఫిల్టర్ పెట్టుకుంటే రెగ్యులేటర్ అందులోనే ఉంటుంది, చవకైన దారి అది. కమారో కంప్యూటర్లో దొంగతనం లాక్ ఒకటుంటుంది, దాన్ని ట్యూన్‌లో (కంప్యూటర్ ప్రోగ్రాంలో) ఆపించకపోతే పెట్రోలే పంపదు, స్టార్ట్ అవ్వదు. స్పీడోమీటర్ పాతది కేబుల్‌తో తిరిగేది, కొత్త గేర్‌బాక్స్ కరెంటు సిగ్నల్ ఇస్తుంది, మధ్యలో ఒక డబ్బా పెట్టాలి, టాకోమీటర్‌కి ఇంకోటి. పాత ట్యాంకే ఉంచాను, పావు ట్యాంక్ కన్నా తక్కువున్నప్పుడు పెద్ద మలుపులో గట్టిగా తిప్పితే పెట్రోల్ ఓ పక్కకి పోయి ఇంజిన్ దగ్గుతుంది, కాబట్టి సగానికి రాగానే నింపేయడం అలవాటైపోయింది.

ఇప్పుడు అసలు విషయం, సస్పెన్షన్. వెనక కింది ఆర్మ్ బయటి చివర, స్ట్రట్ (షాకర్ ఉండే నిలువు గొట్టం) అడుగునుంచి ఇటునుంచి అటు ఒక పొడుగాటి స్పిండిల్ పిన్ను వెళ్తుంది, జెడ్ ఉన్నోడెవడినైనా అడగండి, ఆ పేరు వింటే మొహం మాడ్చుకుంటాడు. మధ్యలో ఒక చిన్న లాక్ పిన్ను ఉంటుంది, ముందు దాన్ని కొట్టి తియ్యాలి, తర్వాత పెద్దది బయటికి లాగాలి, కానీ నలభై ఏళ్ళ తుప్పుకి అది బుష్ లోపలి గొట్టంతో కలిసి ఒకటే ముక్క అయిపోయి ఉంటుంది. సుత్తితో కొడితే పిన్ను చివర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది గానీ కదలదు, ఇక అప్పుడు అసలే రాదు. నూనె పోసి వారం ఉంచినా, గ్యాస్ టార్చ్‌తో ఎర్రగా కాల్చినా ఒక పక్కది రాలేదు, చివరికి రంపం బ్లేడుతో కోసి, ఆర్మ్ బయటికి తీసి ప్రెస్ కింద పెడితే తుపాకీ పేలినట్టు శబ్దం చేసి ఊడింది. కాబట్టి కొత్త పిన్నులు ముందే ఆర్డర్ పెట్టుకుని పని మొదలెట్టండి.

కాయిలోవర్లకి పాత స్ట్రట్ గొట్టాలు కోసి వెల్డింగ్ చెయ్యాలి, వెల్డింగ్ తెలిసినోడితోనే చేయించండి. స్ప్రింగులు ఎంత గట్టివి పెట్టాలి అనేదాని మీద నా మాట వినండి, ట్రాక్‌కి వెళ్ళని వాడు మెత్తగానే పెట్టుకోవాలి. మా షాపువాడు ఇచ్చిన మొదటి సెట్ రాయిలా ఉండేది, డాలస్ కాంక్రీటు రోడ్ల జాయింట్ల మీద టక్ టక్ టక్ అని నడుము విరిగిపోయేది, అవి తీసేసి మెత్తవి వేయించాక బండి మలుపుల్లో ఇంకా బాగా పట్టుకుంటోంది, ఎందుకంటే టైరు రోడ్డు మీద ఉంటోంది గాల్లో కాకుండా. రబ్బర్ పోయిన పాత బుష్‌లతో స్టీరింగ్ తిప్పిన కాసేపటికి బండి తిరిగేది, ఇప్పుడు అనుకోగానే తిరుగుతుంది. ముందు బంపర్ కింద గాలిని ఆపే ఎయిర్ డ్యామ్ కూడా పెట్టించండి, 75 మైళ్ళు దాటాక ముక్కు తేలిపోయినట్టుండే ఫీలింగు దాంతోనే తగ్గింది.

వీ8 టార్క్‌కి డిఫరెన్షియల్ ముందు మౌంట్ రబ్బరు చిరిగిపోతుంది, గేరు మార్చినప్పుడల్లా వెనక నుంచి టంగ్ మని వినిపిస్తే అదే. సాలిడ్ మౌంట్ వేస్తే శబ్దం పోతుంది, బదులుగా గేర్ల ఊళ మొత్తం క్యాబిన్‌లోకి వస్తుంది. నేను గట్టి రబ్బరుది వేసి పైన పట్టీ బిగించాను. డిఫరెన్షియల్ నుంచి చక్రాలకి వెళ్ళే హాఫ్‌షాఫ్టులు సీవీ జాయింట్లవి వేయించక తప్పదు. బ్రేకుల గురించి చెప్పేదేం లేదు, ఆగుతుంది.

రోజూ వాడేవాడు తెలుసుకోవాల్సిన ఇంకోటి పొగ. అద్దాలు దించి నడిపితే బండి వెనక గాలి సుడి తిరిగి సైలెన్సర్ పొగని లోపలికి లాక్కొస్తుంది, ఈ మోడల్‌కి ఇది పుట్టుకతో ఉన్న జబ్బే, వీ8 పెట్టాక ఇంకా ఎక్కువైంది. మా ఆవిడ ఒకసారి పట్టుచీర కట్టుకుని గుడికొచ్చి, మళ్ళీ ఆ బండి ఎక్కను, కావాలంటే ఊబర్లో వస్తా అంది. హాచ్ రబ్బరు మార్చాను, అయినా తగ్గలేదు. రాత్రిపూట మా అబ్బాయిని వెనక పడుకోబెట్టి హాచ్ మూసి నేను బయట టార్చ్ లైటు తిప్పుతుంటే, నాన్నా ఇక్కడ, ఇక్కడ అని చూపించాడు, రెండు టెయిల్ లైట్ల చుట్టూ ఎండిపోయిన గాస్కెట్ల సందుల్లోంచి వెలుతురు కనిపిస్తోందట. అవి మార్చి, సైలెన్సర్ గొట్టం బంపర్ దాటి కాస్త బయటికి పొడిగిస్తే ముప్పావు వంతు పోయింది. వేడి మాత్రం అలాగే ఉంది, గేర్‌బాక్స్ టన్నెల్ పక్కన కుడి కాలు ఆగస్టులో ఉడికిపోతుంది, హీట్ షీల్డ్ మ్యాట్ రెండు పొరలు వేసినా. కొత్త రేడియేటర్, రెండు ఫ్యాన్లతో ఇంజిన్ చల్లగానే ఉంటుంది, కాలేది మనమే, కాబట్టి ఏసీ లేకుండా టెక్సస్‌లో ఈ పనికి దిగొద్దు.

చివరగా కాలిఫోర్నియా బే ఏరియా వాళ్ళకి. ఇక్కడ టెక్సస్‌లో 25 ఏళ్ళు దాటిన బండికి ఎమిషన్ టెస్టు లేదు, మీకు అలా కాదు, 1976 నుంచి వచ్చిన పాత పెట్రోల్ బండ్లకి స్మాగ్ చెక్ (పొగ టెస్టు) ఉంది, ఇంజిన్ మారిస్తే రెఫరీ (ఇలాంటి బండ్లని చూసి పాస్ చేసే స్మాగ్ సెంటరు) దగ్గరికి వెళ్ళాలి, ఆ కొత్త ఇంజిన్‌తో వచ్చిన కాటలిటిక్ కన్వర్టర్ వగైరా అన్నీ ఉండాలి. 280జెడ్‌లో 1975 మోడల్ ఒక్కటే ఈ గొడవ లేనిది, అది దొరికితే కాస్త ఎక్కువ పెట్టైనా తీసుకోండి. ఇండియాలో చెయ్యొచ్చా అని విజయవాడ నుంచి మా బావమరిది అడుగుతుంటాడు, అక్కడ ఇంజిన్ మార్చాలంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్టీఓ పర్మిషన్ తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. బుష్‌లు మార్చుకోవడానికైతే ఎవడి పర్మిషనూ అక్కర్లేదు, వాడి పాత ఎస్టీమ్‌కి ముందు అవి చేయించమన్నాను.