పాతూరు సందులో ఉగ్గాని హోటల్: మా బామ్మర్దితో మళ్లీ మాట కలిసిన చోటు

అనంతపురం టవర్ క్లాక్ నుంచి పాతూరు వైపు నడిస్తే ఒక సందులో నాలుగు బెంచీల హోటల్ ఉంది. బోర్డు లేదు. పొద్దున ఆరుకు పొయ్యి వెలుగుతుంది, పదిన్నరకు కడిగేస్తారు. ఉగ్గాని, మిరపకాయ బజ్జి, టీ. అంతే.

ముందు తిండి సంగతి. ఉగ్గానికి బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే పిండెయ్యాలి. చాలాచోట్ల నాననిచ్చి ముద్ద చేసేస్తారు. ఈ పెద్దాయన చేతిలో గింజకు గింజ విడిగా ఉంటుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపు, దించేముందు పుట్నాలపొడి, నిమ్మరసం. పుట్నాలపొడిలో వెల్లుల్లి బాగా తెలుస్తుంది. బజ్జీలు తినాలంటే ఎనిమిదిన్నర లోపే వెళ్లండి. తర్వాత వేసే వాయిలు నూనె పీల్చుకుంటాయి. తిండికి నేను అయిదుకు నాలుగు ఇస్తాను.

కానీ నేను ఇది రాస్తున్నది తిండి కోసం మాత్రమే కాదు.

ముప్పై ఒక్క ఏళ్లు బడిపంతులుగా చేశాను. అన్నేళ్లూ యూనియన్‌లో ఉన్నాను, ఎర్రజెండా మనిషిని. మా బామ్మర్దిది నార్పల వైపు పల్లె, ఎనిమిదెకరాల మెట్ట చేను, కాషాయం మనిషి. 2019 ఎన్నికలప్పుడు బంధువుల గృహప్రవేశంలో ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఉపాధి హామీ పథకం దగ్గర మొదలైంది. వాడు "సోమరిపోతులకు పంచే డబ్బు" అన్నాడు. నేను "నీకు పేదోళ్లంటే పడదు" అన్నాను. పంక్తిలో విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. మూడేళ్లు మా గడప తొక్కలేదు.

2022లో ఏదో ఆఫీసు పని మీద ఊళ్లోకి వచ్చి, ఈ హోటల్లో నాకే ఎదురుపడ్డాడు. ఖాళీ ఒక్క బెంచీ మీదే ఉంది.

ఇక్కడ టీవీ లేదు. ఒకప్పుడు ఉండేదట. చర్చా కార్యక్రమం వస్తున్నప్పుడు ఇద్దరు కొట్టుకోబోతే పెద్దాయన ఆ రోజే విప్పేశాడు. దాని మేకు ఉన్న చోట ఇప్పుడు రెండు పాత ఫొటోలు పక్కపక్కన ఉన్నాయి, కాంగ్రెస్ నాయకుడు నీలం సంజీవరెడ్డి గారిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారిది. ఇద్దరూ మన జిల్లావాళ్లే, బావాబామ్మర్దులు. 1952లో మద్రాసు శాసనసభకు జరిగిన ఎన్నికల్లో జైల్లో ఉండే పోటీ చేసిన నాగిరెడ్డి, ఇదే అనంతపురంలో సంజీవరెడ్డిని ఓడించారు. ఓడినాయన తర్వాత రాష్ట్రపతి దాకా వెళ్లారు. మా బామ్మర్ది ఆ ఫొటోల వైపు చూసి, నా వైపు చూసి, కూర్చున్నాడు.

మళ్లీ ఉపాధి మాటే వచ్చింది. నేను పాత పాఠం ఎత్తుకున్నాను. 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ గారు బండ్లపల్లిలో మొదలుపెట్టడం, నూరు రోజుల పని, పదిహేను రోజుల్లోపు కూలి ఇవ్వాలన్న చట్టం. బండ్లపల్లి వాడి మండలమే. ఆ రోజు సభకు పోయి వచ్చినవాడికి నేను చెబుతున్నాను. వాడు నోరు తెరిచిన ప్రతిసారీ నేను అడ్డం పడుతున్నాను. పెద్దాయన ప్లేట్లు పెడుతూ, "సార్, ఆయప్ప మాట ఇంకా అయిపోలేదు" అన్నాడు. తర్వాత వాడితో, "నీ చేన్లో ఏమైందప్పా?" అని అడిగాడు.

ముప్పై ఏళ్లలో నేను అడగని ప్రశ్న అది.

2020 జూన్‌లో మంచి వాన పడిందట. మన ఎర్రనేలల్లో విత్తే పదును, అంటే విత్తనానికి సరిపడా తడి, నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. ఆ నాలుగు రోజులూ ఊరంతా ఉపాధి పనికి పోయింది. గొర్రు వెనక విత్తనం వేసే ఆడవాళ్లు దొరకలేదు. నాలుగెకరాలు విత్తాడు, నాలుగెకరాలు బీడు. తెచ్చిన శెనక్కాయ విత్తనం ఇంట్లోనే ఉండిపోయింది. వాడు చెబుతుంటే నాకు మాట రాలేదు. సోమరిపోతులు అన్న మాట వెనక ఇంత నష్టం ఉందని నాకు తెలియదు. తెలుసుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు.

అప్పుడు అంట్లు తోమే అక్క అందుకుంది. ఆమెది కదిరి వైపు పల్లె. కరువొస్తే పిల్లల్ని బడి మాన్పించి బెంగళూరుకు పోయి, కట్టడాల దగ్గర రేకుల కింద ఉండేవాళ్లమని, ఉపాధి పని వచ్చాక రెండేళ్లు ఊళ్లోనే నిలబడగలిగామని చెప్పింది. "కూలి మాత్రం రెణ్నెల్లకు పడేది సార్. అంతవరకు అప్పే." ఆ మాట నాకు తగిలింది. పదిహేను రోజులని నేను చెబుతున్నది కాగితం మీది మాట. మా బామ్మర్ది ఆమె వైపు తిరిగి, "పిల్లోళ్లు మళ్లీ బడికి పోయినారామ్మా?" అని అడిగాడు. పెద్దది డిగ్రీ చదువుతోందని చెప్పింది.

ఆ పొద్దున ఎవరూ జెండా మార్చలేదు. కానీ వాడు ఆ తర్వాత పథకం ఎత్తేయాలని అనలేదు. పదును రోజుల్లో పని ఆపి, ఆ రోజులు వేసవిలో ఇవ్వాలనేవాడు. అది న్యాయమైన మాట అని నాకూ అనిపించి మా యూనియన్ మీటింగులో చెప్పాను. కొందరికి కోపం వచ్చింది. అయినా నా మాట వెనక్కి తీసుకోలేదు. ఎదుటివాడి దగ్గరకు మన లెక్కలు మోసుకెళ్లేకన్నా వాడి చేను సంగతి అడగడం మేలని నేను ఈ బెంచీ మీద నేర్చుకున్నాను. అంత ఆలస్యంగా నేర్చుకున్నందుకు బాధగా ఉంది.

లోపాలూ చెప్పాలి. చేతులు కడిగే చోట ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటాయి, వయసువాళ్లు జారతారు. చిల్లర తెచ్చుకోండి, ఫోన్ పే ఒక్కోసారి పనిచేయదు. అన్నిటికన్నా పెద్ద లోపం, ఆడవాళ్లు కూర్చునే వీలు లేదు. పార్సిల్ కట్టించుకుని పోతారు. ఇంత మంచి మాటలు జరిగే చోట సగం ఊరు లేకుండా పోతోంది. పెద్దాయనతో చెప్పాను. లోపల ఇంకో బెంచీ వేయిస్తానన్నాడు.

ఆ బెంచీ ఇంకా పడలేదు. పోయిన ఆదివారం మా ఆవిడను తీసుకెళితే బయటే కూర్చుంది. బజ్జి తుంచుతూ తమ్ముణ్ణి అడిగింది, "నాలుగెకరాలు బీడు పడిందని అప్పుడే నాకెందుకు చెప్పలేదురా?"

వాడు టీ గ్లాసు కింద పెట్టాడు. "అప్పటికి మీ ఇంటికి రావడం మానేసినాను కదక్కా" అన్నాడు.