ఫ్లూ నిఘా వ్యవస్థకు ఎన్ని మార్కులు? హైదరాబాద్ నుంచి ఒక లెక్క

2009 మేలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే, విమానం దిగిన ప్రయాణికుడికి. అప్పటికీ ఇప్పటికీ ల్యాబులు బాగా పెరిగాయి. 2023 మార్చిలో దగ్గు వారాల తరబడి వదలకపోతే, కారణం హెచ్3ఎన్2 అనే ఫ్లూ రకమని ల్యాబుల నెట్‌వర్క్ తేల్చి చెప్పింది. వైరస్ రకం పట్టుకోవడంలో వంక పెట్టడానికి లేదు.

వేగం దగ్గర అంత ధీమా లేదు. 2021 ఏప్రిల్‌లో ఐహెచ్ఐపీ (రోగాల సమాచారం ఎక్కించే ప్రభుత్వ పోర్టల్) దేశమంతటా వచ్చాక, వారానికోసారి వెళ్లే లెక్కను ఏ రోజుది ఆ రోజే ఎక్కించవచ్చు. కానీ నిఘా వేగం తెలియాలంటే నాలుగు తేదీలు పక్కపక్కన పెట్టాలి: జ్వరం మొదలైన రోజు, స్వాబ్ తీసిన రోజు, ల్యాబుకు చేరిన రోజు, ఫలితం ఎక్కించిన రోజు. సగటు తీయొద్దు, ఎక్కడో మూలన నెల పడున్న ఒక్క శాంపిల్ లెక్కంతా చెడగొడుతుంది. మధ్యస్థం (వరుసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె) తీస్తే జాప్యం ఎక్కడుందో, శాంపిల్ రవాణాలోనా, డేటా ఎంట్రీలోనా, తెలిసిపోతుంది. మొదటి తేదీ గడి ఖాళీగా ఉంటే మాత్రం ఇదేదీ కుదరదు.

ఎవరిని ఫ్లూ లాంటి జబ్బు కింద లెక్కించాలో చెప్పే నిర్వచనం సులువే. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, లేదా ఆపైన జ్వరం, దగ్గు, మొదలై పది రోజుల లోపు. ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే అది 'సారి', అంటే తీవ్ర శ్వాసకోశ జబ్బు (వినడానికి క్షమాపణలా ఉంటుంది!). ఓపీ చీటీ మీద 'వైరల్ ఫీవర్' అని రాసి పారాసిటమాల్ ఇచ్చి పంపేస్తే ఆ రోగి ఏ లెక్కలోకీ రాడు. యాభై చీటీలు తీసి ఎన్నింటి మీద టెంపరేచర్ అంకె ఉందో చూడండి, డేటా నాణ్యత అక్కడే తెలుస్తుంది.

అసలు చిక్కు హారంతో, అంటే ఎంతమందిలో అన్న లెక్కతో. మన మార్గదర్శకాలు రోగులను తీవ్రతను బట్టి ఏ, బీ, సీ కేటగిరీలుగా విడదీస్తాయి; ఏ, బీలకు పరీక్ష అక్కర్లేదు. ఆయాసం, ఛాతీనొప్పి, బీపీ పడిపోవడం వంటివున్న సీ కేటగిరీకే పరీక్ష. కాబట్టి రోజూ పేపర్లో వచ్చే కేసుల సంఖ్య ఊళ్లో ఎంతమందికి ఫ్లూ వచ్చిందో చెప్పదు. ఎంతమందికి ముదిరిందో, అందులో ఎంతమందికి పరీక్ష చేశారో చెబుతుంది, అంతే. ఉదాహరణకు ఒక వారం 100 శాంపిళ్లలో 20 పాజిటివ్, మరుసటి వారం 40లో 12 వచ్చాయనుకోండి. కేసులు తగ్గినట్టే కనిపిస్తాయి, పాజిటివిటీ మాత్రం 20 నుంచి 30 శాతానికి ఎగబాకింది. పైగా గల్లీ ఆర్ఎంపీ దగ్గరికో మెడికల్ షాపుకో వెళ్లి సరిపెట్టుకున్నవాళ్లు ఈ వందలో అసలు లేరు.

'నెగెటివ్'నూ గుడ్డిగా నమ్మొద్దు. చెక్కపుల్ల స్వాబ్ పీసీఆర్‌ను (వైరస్ జన్యువును పట్టే పరీక్షను) అడ్డుకుంటుంది, సింథటిక్ స్వాబే వాడాలి. వీటీఎం (వైరస్‌ను కాపాడే ద్రవం) ఉన్న గొట్టం 2–8 డిగ్రీల్లో 72 గంటల్లోపు ల్యాబుకు చేరాలి. ఆలస్యమయ్యేట్టుంటే మైనస్ 70లో ఉంచాలి, మామూలు ఫ్రీజర్‌లో పెడితే వైరస్ దెబ్బతింటుంది. ఫ్లూ నెగెటివ్‌తో పాటు ఆర్ఎన్ఏజ్-పీ కంట్రోల్ (మనిషి జన్యువు ఉందో లేదో చూసే సరిచూపు) కూడా రాకపోతే స్వాబ్‌లో మనిషి కణాలే సరిగా పడలేదన్నమాట. మళ్లీ తీయాలి.

ఇంకోటి: బేస్‌లైన్‌లో, అంటే మామూలు ఏడాదికి ఎన్ని కేసులుంటాయో చూపే గీతలో, 2020, 2021లను కలపొద్దు. కోవిడ్ కాలంలో ఫ్లూ దాదాపు మాయమైంది కాబట్టి గీత కిందికి జారి, మామూలు వర్షాకాలం కూడా మహమ్మారిలా కనిపిస్తుంది.

మా మార్కులు పదికి ఆరు. ఎన్ని శాంపిళ్లు పరీక్షించారో, అవి ఎలాంటి రోగులవో వారం వారం చార్టు కింద ఒక్క లైన్ రాస్తే ఏడు ఇచ్చేవాళ్లం.