ఫ్రాగ్‌ఐడీ: ఆలస్యంగానైనా నికరంగా జవాబిచ్చే కప్పల యాప్

సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియం 2017 నవంబరులో విడుదల చేసిన ఫ్రాగ్‌ఐడీ ఉచితంగా దొరికే యాప్. పువ్వును ఫొటో తీయగానే పేరు చెప్పేసే యాప్‌లతో దీన్ని ఒకే గాటన కడితే మాత్రం నిరాశ తప్పదు. కప్ప అరుపును 20 నుంచి 60 సెకన్ల వరకు రికార్డు చేసి పంపితే, చోటు, సమయం వివరాలు వాటంతట అవే జతపడి మ్యూజియంకు చేరుతాయి. అక్కడ కప్పల గొంతులు తెలిసిన నిపుణులు ఆ రికార్డింగును స్వయంగా విని, అందులో ఎన్ని జాతులు వినిపిస్తున్నాయో గుర్తించిన తరువాతే జవాబు వస్తుంది. అప్పటిదాకా వేచి ఉండక తప్పదు.

ఈ ఆలస్యాన్ని లోపంగా లెక్కించేవారున్నారు. నా దృష్టిలో యాప్ విలువంతా అందులోనే ఉంది. చెరకు పంటను పాడుచేసే పెంకు పురుగులను తింటుందన్న ఆశతో 1935లో హవాయి నుంచి క్వీన్స్‌లాండ్‌కు తెచ్చిన కేన్ టోడ్ అనే విషపు కప్ప ఆ పురుగులను అదుపు చేయలేదు సరికదా, తన విషంతో క్వోల్‌లు (పిల్లలను సంచిలో పెంచే చిన్న మాంసాహార జంతువులు), గోవానా బల్లులు, పాముల వంటి స్థానిక జంతువులను చంపుతూ ఉత్తర ఆస్ట్రేలియా పొడవునా పడమటి దిక్కుకు విస్తరించింది. దానిమీది కోపంతో జనం పొరపాటున స్థానిక జాతి అయిన పాబుల్‌బాంక్ కప్పలను చంపడం కూడా జరుగుతోంది. చూపుకు ఈ రెండూ ఒకేలా అనిపించవచ్చు గానీ, గొంతుల్లో పోలికే లేదు: టోడ్ ఇంజను ఆడుతున్నట్టు ఆపకుండా గురగురలాడుతుంది, పాబుల్‌బాంక్ తీగ మీటినట్టు ఒక్కసారి ‘బాంక్’ అని ఆగుతుంది. తెలిసిన చెవి విని చెప్పిన జవాబుకు ఇక్కడ ఒక ప్రాణం నిలబెట్టేంత విలువ ఉంది.

పరిశోధనకు ఈ రికార్డింగులు నిజంగా ఉపయోగపడుతున్నాయా అన్నది అడగవలసిన ప్రశ్నే. 2019–20 కార్చిచ్చుల తరువాత, కాలిపోయిన ప్రాంతాల నుంచి సామాన్య ప్రజలు పంపిన అరుపుల ఆధారంగానే అక్కడ 66 జాతుల కప్పలు ఇంకా బతికి ఉన్నాయని పరిశోధకులు చూపగలిగారు. అన్ని చోట్లకూ శాస్త్రవేత్తలే వెళ్లి వెతకాలంటే అంత త్వరగా అయ్యే పని కాదు. తూర్పు తీరంలో ఒకే జాతిగా భావించిన బ్లీటింగ్ ట్రీ ఫ్రాగ్ నిజానికి మూడు జాతులని 2021లో తేల్చినప్పుడూ ఈ రికార్డింగులు తోడ్పడ్డాయి.

ఇంత శ్రమ ఎందుకన్నది కైట్రిడ్ శిలీంధ్రం సంగతి తెలిస్తే అర్థమవుతుంది. కప్పలు నీటిని, లవణాలను చర్మం ద్వారా గ్రహిస్తాయి. ఈ శిలీంధ్రం ఆ చర్మానికే సోకి, లవణాల సమతూకం చెడగొట్టి, చివరికి గుండెను ఆపేస్తుంది. పొట్టలోనే పిల్లలను పెంచే అరుదైన కప్పల జాతులు రెండు క్వీన్స్‌లాండ్ అడవుల్లో ఉండేవి. 1980ల నడుమకల్లా రెండూ కనుమరుగయ్యాయి, అందుకు కారణం ఈ శిలీంధ్రమేనన్న అనుమానం బలంగా ఉంది. ఏ వాగు దగ్గర ఏ గొంతు వినిపించేదో ముందే నమోదై ఉంటేనే, అది ఆగిపోయిన సంగతి ఎవరికైనా తెలుస్తుంది.

వాడుక విషయానికి వస్తే, మన చుట్టుపక్కల ఉండదగిన కప్పలను వాటి నమూనా అరుపులతో సహా చూపే సౌకర్యం చాలా బాగుంది. సిడ్నీ పెరళ్లలో సాధారణంగా వినిపించే స్ట్రైప్డ్ మార్ష్ ఫ్రాగ్ టెన్నిస్ బంతిని కొట్టినట్టు ‘టక్’ మంటుంది, పెరాన్స్ ట్రీ ఫ్రాగ్ పగలబడి నవ్వినట్టు అరుస్తుంది. మన ఊళ్ల బెకబెకలకు అలవాటైన చెవికి ఇవి కప్పలని తోచనే తోచవు. ముప్పున్న జాతుల కచ్చితమైన చోటును బహిరంగ పటంలో చూపకపోవడం మరో మంచి జాగ్రత్త.

పరిమితులు కూడా చిన్నవి కావు. ప్రధానంగా అరిచేవి మగ కప్పలే, అదీ సంతానోత్పత్తి కాలంలో, ఎక్కువగా వాన పడిన రాత్రుల్లో; అందువల్ల ఒక చోట అరుపు నమోదు కానంత మాత్రాన అక్కడ కప్పలు లేవని అనుకోకూడదు. రోడ్డు పక్కన, గాలి హోరులో చేసిన రికార్డింగును నిపుణులు కూడా పోల్చుకోలేరు. వీటన్నిటికన్నా పెద్ద వెలితి పటంలోనే కనిపిస్తుంది: తూర్పు తీరపు నగరాల చుట్టూ చుక్కలు కిక్కిరిసి ఉంటే, నడిమి ఎడారి భాగమూ ఉత్తరపు మారుమూలలూ చాలావరకు ఖాళీగా ఉన్నాయి. సిడ్నీ శివారులో వందోసారి అదే మార్ష్ ఫ్రాగ్‌ను పంపడం వృథా కాదు, అది ఏటేటా పోల్చి చూడటానికి పనికొస్తుంది. అయితే ప్రాంతీయ వీసాల మీద చిన్న ఊళ్లలో, గనుల పట్టణాల్లో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు, తొలి వాన కురిసిన రాత్రి ఊరి చివరి గుంట దగ్గర చేసే ఒక్క నిమిషం రికార్డింగు పరిశోధకులకు అంతకన్నా ఎక్కువ అవసరం.