ఐరిష్ డాన్స్ పోటీలకు ప్రయాణం: కిల్లార్నీ, గ్లాస్గో, బెల్ఫాస్ట్

ఐర్లండ్ జాతీయ పోటీలైన ఆల్ ఐర్లండ్స్‌కు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా పిల్లలు కూడా వచ్చి ఆడతారు. స్థానిక పిల్లల స్థానాలు వాళ్లు పట్టుకుపోతున్నారని కోపగించుకునేవాళ్లూ ఉన్నారు. బయటివాళ్లను రానివ్వాలన్నదే మా మాట. మారాల్సింది మార్కుల లెక్క. ముందు ప్రయాణం సంగతి చూద్దాం.

ఐర్లండ్‌లోని కిల్లార్నీలో పోటీలు జరిగే ఐఎన్ఈసీ హాలు, గ్లెనీగల్ హోటలు పక్కపక్కనే ఉంటాయి. విగ్గు, మేకప్, రాళ్లు పొదిగిన డ్రెస్సుతో చలికాలం వానలో నడవక్కర్లేదు కాబట్టి ఆ గదులకు పెట్టే డబ్బు వృథా కాదు. ఊరి మధ్యలో దిగితే హాలు సుమారు రెండు కిలోమీటర్లు. చిన్న బసల్లో దిగేవాళ్లు పొద్దున్నే టిఫిన్ పెడతారో లేదో బుక్ చేసేటప్పుడే అడగాలి. డబ్లిన్ హ్యూస్టన్ నుంచి రైల్లో మూడు గంటల పైనే పడుతుంది, చాలా రైళ్లకు మాలో (Mallow) స్టేషన్లో మారాలి.

దూరం నుంచి వచ్చే కుటుంబానికి స్కాట్లండ్‌లోని గ్లాస్గోయే సుఖం. ప్రపంచ పోటీలు ఐర్లండ్ దాటి మొదటిసారి జరిగిందీ ఇక్కడే, 2002లో. రాయల్ కాన్సర్ట్ హాలుకు క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. ఎయిర్‌పోర్టు నుంచి 500 నంబరు బస్సు ఉంది. చుట్టుపక్కల అన్ని ధరల హోటళ్లూ దొరుకుతాయి.

బెల్ఫాస్ట్ వాటర్‌ఫ్రంట్ హాలు బాగుంటుంది, చిక్కంతా వీసాతోనే. డబ్లిన్ నుంచి వచ్చే దారిలో సరిహద్దు గేటు కనబడదు గానీ, అటువైపు యూకే. భారత పాస్‌పోర్టున్న తల్లిదండ్రులకు మామూలు ఐరిష్ వీసా అక్కడ చెల్లదు. భారత్‌లో దరఖాస్తు చేసి, వీసా మీద బ్రిటిష్-ఐరిష్ పథకం గుర్తు వేయించుకుంటే రెండు చోట్లా చెల్లుతుంది. అమెరికా పాస్‌పోర్టున్న పిల్లలకు యూకే ఈటీఏ, అంటే ప్రయాణానికి ముందే తీసుకునే ఎలక్ట్రానిక్ అనుమతి, కావాలి.

ఎక్కడికెళ్లినా హార్డ్ షూస్ (టకటక చప్పుడు చేసే గట్టి బూట్లు), సాఫ్ట్ షూస్ (మెత్తటివి), విగ్గు, డ్రెస్సు చేతి సామాన్లలోనే ఉండాలి. సూట్‌కేసు తప్పిపోతే డ్రెస్సు అరువు దొరకొచ్చు, కాలికి అలవాటుపడిన హార్డ్ షూస్ దొరకవు.

ఇక మార్కులు. ప్రతి జడ్జీ వందకు వేసిన మార్కుల్ని వరుస పెట్టి, మొదటి స్థానానికి 100 పాయింట్లు, రెండుకు 75, మూడుకు 65, నాలుగుకు 60 ఇస్తారు. పదో స్థానానికి 43, పదకొండుకు 41. జడ్జీలందరి పాయింట్లూ కలిపితే ఫలితం. అంటే విదేశీ డాన్సర్ ఒకరు ఒక జడ్జీ దగ్గర మొదట నిలిస్తే, అక్కడ రెండోదైన స్థానిక అమ్మాయి 25 పాయింట్లు పోగొట్టుకుంటుంది. అదే పది నుంచి పదకొండుకు జారితే పోయేవి రెండే. ఫలితాల జాబితాలోంచి విదేశీ పేర్లు కొట్టేసి, మిగిలినవాళ్లను అదే వరుసలో పైకి జరిపితే న్యాయం జరగదు. ఆ పాయింట్లు అప్పటికే వంకరపోయి ఉంటాయి, స్థానికుల మధ్య వరుస కూడా తారుమారై ఉండొచ్చు.

జడ్జీల అసలు మార్కులు తీసుకుని, స్థానికులను మాత్రమే మళ్లీ వరుస పెట్టి పాయింట్లు కట్టాలి. ఒక జాబితా అందరిదీ, రెండోది జాతీయ బిరుదుది. కంప్యూటర్‌కు ఇది నిమిషాల పని. మొదటి రెండు రౌండ్ల తర్వాత మూడో రౌండైన సెట్ డాన్స్‌కు సాధారణంగా సగం మందిని పిలుస్తారు. ఆ సగాన్ని స్థానికుల్లోంచి విడిగా లెక్కగట్టి, అర్హత తెచ్చుకున్న అతిథులను దానికి అదనంగా పిలవాలి. సెట్ డాన్స్ ఒక్కొక్కరే ఆడతారు. మనిషికి నిమిషం, నిమిషంన్నర వేసుకున్నా, అయిదుగురు ఎక్కువైతే పెరిగేది పది నిమిషాల లోపే.