కోల్‌కతాలో దొరల బసకు 7,200, కడుపునిండా భోజనానికి 430

కోల్‌కతా వెళ్లేవారికి ముందుగా ఒక మాట. 'హెరిటేజ్ బంగళా' అన్న పేరు చూసి గది తీసుకోకండి. చౌరంగీ వెనక వీధిలో మేము దిగిన పాత బంగళాకు రాత్రికి 7,200, పన్ను అదనం. గోడ మూలన చెమ్మపట్టి సున్నం పెచ్చులూడుతోంది, ఉదయం ఏడు దాటితే వేడినీళ్లు రావు. వీటితో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది గుమ్మం దగ్గరే ఎదురైంది. మా నాన్న వయసున్న పెద్దాయనకు దొరల కాలపు డవాలీ బంట్రోతు వేషం కట్టారు. ఎర్ర పట్టీ, ఇత్తడి బిళ్ల, తలపాగా! కారు దిగిన ప్రతివారికీ వంగి సలాము కొట్టాలి. మెట్ల పక్కన చచ్చిన పులి మీద కాలు మోపిన దొర ఫొటో, వెనకాల చేతులు కట్టుకుని మనవాళ్లు. దొర పేరు కింద రాశారు, వాళ్లలో ఒక్కరి పేరూ లేదు.

మేనేజరును నిలదీస్తే, అతిథులు కోరేది ఇదేనన్నాడు. నాన్న ముభావంగా అయిపోయారు. ఆ పెద్దాయన చేత సలాము కొట్టించుకోలేక పక్క గేటు నుంచి వచ్చి పోయేవారు.

ఊరికి మాత్రం ఆ హోటలుకు లేని ఆత్మాభిమానం ఉంది. డల్హౌసీ స్క్వేర్ ఇప్పుడు బి.బి.డి. బాగ్. 1930 డిసెంబరు 8న, అప్పటి బ్రిటిష్ సర్కారు సచివాలయమైన రైటర్స్ బిల్డింగ్‌లోకి దూసుకెళ్లి జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్ సింప్సన్‌ను కాల్చిన బినయ్, బాదల్, దినేశ్‌ల పేరు అది. ముగ్గురి విగ్రహాలూ ఆ ఎర్ర భవనం ఎదుటే ఉన్నాయి. 1756లో 'బ్లాక్ హోల్' అనే ఇరుకు చెరగదిలో ఊపిరాడక చనిపోయారని ఆంగ్లేయులు చెప్పుకున్న తమవాళ్ల కోసం వైస్రాయి కర్జన్ మళ్లీ కట్టించిన హాల్వెల్ స్మారకం కూడా ఒకప్పుడు ఇక్కడే ఉండేది. సుభాష్ చంద్ర బోస్ ఉద్యమంతో 1940లో దాన్ని సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలోకి మార్చారు. పగలగొట్టలేదు, నడిబజారులో ఉండనివ్వనూ లేదు. ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

విక్టోరియా మెమోరియల్ అందంగా లేదని అనను. అయితే 500 తీసుకున్న గైడు రాణిగారి పియానో గురించి ఎంతసేపైనా చెప్పాడు గానీ, ఆ మక్రానా పాలరాయికి డబ్బిచ్చింది మన సంస్థానాధీశులూ మన జనమేనని ఒక్క ముక్క అనలేదు. 1921లో అది తెరిచేనాటికి రాజధానిగా ఢిల్లీని ప్రకటించి పదేళ్లు. గైడు అక్కర్లేదు, లోపల పలకలు చదువుకోండి.

దక్షిణేశ్వరం గుడి, బేలూరు మఠం హాయిగా గడిచాయి.

నాన్న ముఖం వికసించింది కాలేజ్ స్ట్రీట్ పక్క సందులోని స్వాధీన్ భారత్ హిందూ హోటల్‌లో. స్వాతంత్ర్యం వచ్చాక పెట్టుకున్న పేరు. అరిటాకుతో సహా ప్రతిదానికీ విడివిడిగా లెక్క. అన్నం, పప్పు, గసగసాల ఆలుగడ్డ కూర, శీలావతి చేప పులుసు, ఇద్దరికీ కలిపి 430. వడ్డించినాయన ఎవరికీ వంగలేదు, నాన్న ఆకులో అడగకుండానే ఇంకో గరిటె అన్నం వేశాడు. ఆ సాయంత్రమే బంగళా ఖాళీ చేసి దగ్గర్లోనే 1,900 గదికి మారాం. భోజనానికి ఒంటిగంటలోపే వెళ్లండి, ఆలస్యమైతే మంచి చేపలు అయిపోతాయి.