స్లయిడర్ల చెక్‌లిస్టు బోర్డు: నాలుగు నెలలు వాడాక

ఆన్‌లైన్‌లో 379 రూపాయలు పెట్టి కొన్నాను, గుమ్మం పక్కన తగిలించడానికి. జానెడున్నర ప్లాస్టిక్ పలక. పక్కపక్కనే ఎనిమిది గాళ్లు, ఒక్కో గాడిలో పైకీ కిందికీ జరిగే చిన్న బొత్తం. బొత్తం పైనుంటే ఎరుపు, పని కాలేదని. కిందికి లాగితే ఆకుపచ్చ. ఏ బొత్తం ఏ పనికో రాసుకోవడానికి గాడి కింద చీటీ దూర్చే చోటుంది.

కొనడానికి కారణం మోటారు. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు మోటారు ఆపకుండానే డ్యూటీకి పోయాను. ట్యాంకు పొర్లి, కింది పోర్షన్ ఆవిడ డాబా మీద పెట్టుకున్న గుమ్మడి వడియాలు ముద్దయిపోయాయి. నేనేమో పన్నెండేళ్లుగా ఆపరేషన్ థియేటర్ నర్సుని. "అక్కడ గాజుగుడ్డ ముక్క లెక్క తప్పితే కుట్లు వెయ్యనివ్వవు, ఇక్కడ మోటారు కనపడలేదా?" అన్నారు మా అత్తగారు. ఏం జవాబు చెప్తాను?

బోర్డుతో వచ్చిన చీటీల్లో కుక్కకు అన్నం, జిమ్ సంచి లాంటివి అచ్చేసి ఉన్నాయి. పారేసి, తెలుగులో రాసుకున్నాను. మొదట ఎనిమిదీ నింపాను. రెండో వారానికి దానివంక చూసే దిక్కు లేదు. ఇప్పుడు ఐదే: మోటారు, గ్యాస్, ఇస్త్రీపెట్టె, అత్తగారి బీపీ మాత్ర, పాలకు తోడు. పిల్లాడి క్యారేజీ రాయడం దండగ, మర్చిపోతే వాడే అరుస్తాడు. మర్చిపోయినా ఎవరూ అరవనివే రాయాలి. ఆపరేషన్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన చెక్‌లిస్టు కాగితంలోనే ఉన్నవి 19 అంశాలు. అవీ ఒక్క గుక్కలో కాదు, మూడుచోట్ల ఆగి: మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, పేషెంటు థియేటర్ దాటేముందు. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో వాడి చూస్తే చావులు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో లెక్క వచ్చింది. మా ఇంటి గుమ్మానికి ఎనిమిది ఎక్కువే.

మావారు మాత్రం చెప్పులేసుకుంటూ అరచేత్తో ఒక్క ఊపున ఐదూ కిందికి లాగేసేవారు. ఈ జబ్బు నాకు తెలియనిది కాదు, థియేటర్లో ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా కూర్చుని వరసగా టిక్కులు పెట్టేవాళ్లని చూశాను. దీనికి మందు బోర్డులో లేదు, అడిగే తీరులో ఉంది. మేం పేషెంటుని "మీరు సుబ్బమ్మగారేనా?" అని అడగం. భయంలో ఉన్న మనిషి దేనికైనా తలూపేస్తుంది. "మీ పేరు చెప్పండమ్మా" అంటాం. "ఏమీ తినలేదు కదా?" అంటే లేదనే అంటారు. "ఆఖర్న ఏం తిన్నారు, ఎన్నింటికి?" అంటే అప్పుడు బయటికొస్తుంది, "ఒక్క ఇడ్లీయేనమ్మా, పొద్దున ఏడింటికి" అని. ఇంట్లోనూ అదే పెట్టాను. అత్తగారు కుర్చీలోంచి "మోటారు ఆపావా?" అనరు, "మోటారు స్విచ్చి ఎటుందిరా?" అంటారు. చెప్పాలంటే వెళ్లి చూడక తప్పదు. చూసొచ్చాకే బొత్తం.

ఇక అసలు లోపం. రెండో నెలలో రెండు బొత్తాలు వదులయ్యాయి. తలుపు ధడాలున వేస్తే చాలు, వాటంతటవే కిందికి, అంటే ఆకుపచ్చలోకి జారిపోతున్నాయి. అలా జారిన వాటిలో ఒకటి బీపీ మాత్రది. అయిపోయిందనుకున్నాం, ఆ పూట మాత్ర పడనేలేదు. చేయని పనిని చేసినట్టు చూపే బోర్డుకన్నా ఖాళీ గోడ నయం. కంపెనీకి రాస్తే బొత్తం చుట్టూ టేపు చుట్టమన్నారు. నేను బోర్డునే తలకిందులుగా తగిలించి, చీటీలు తిప్పి పెట్టాను. ఇప్పుడు జారితే ఎరుపులోకే జారుతుంది. మహా అయితే ఇంకోసారి వెళ్లి చూస్తాం. ఇంత చిన్న సంగతి తయారుచేసినవాళ్లకు తట్టకపోవడమే నాకు వింత. కంపెనీ పేరు తలకిందులుగా కనిపిస్తుంది, వచ్చినవాళ్లంతా అడుగుతారు.

వెనకున్న జిగురు టేపు నమ్మొద్దు, సున్నంతో సహా ఊడొచ్చింది. మేకు కొట్టుకోండి.

ఐదుకి మూడు చుక్కలు. తలకిందులుగా తగిలిస్తే నాలుగు. మొన్న కింది పోర్షన్ ఆవిడ మళ్లీ వడియాలు పెట్టారు. పళ్లెం పట్టుకుని డాబా ఎక్కబోతూ మా గుమ్మం దగ్గర ఆగి, మోటారు బొత్తం చూసుకుని మరీ వెళ్లారు.